రోమ్ నగరంలో ఒక్క పగలు

ఒక మహానగరాన్ని ఒక్క పగటిలో చూడగలమా అని ఎవరైనా అడిగితే చూడలేమనే చెప్పాలి. కాని మనలో చాలామందికి దొరికేది ఆ ఒక్క పగలే. సంఘపు పనిమీదనో, పిల్లల దగ్గరికనో విదేశం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మధ్యలో ఒక రోజు మిగిలితే అదే గొప్ప. అలాంటి రోజు నాకు 2023 అక్టోబరులో రోమ్ నగరంలో దొరికింది. ఆ రోజును నేనెలా ఏర్పాటు చేసుకున్నానో, ఎక్కడ పొరపాటు చేశానో, ఎలా చేసి ఉండవలసిందో మన కుటుంబ పత్రిక పాఠకులతో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జర్మనీలో సభలు ముగించుకొని వస్తున్నాము. నాతోపాటు మా సంఘ పెద్ద ఒకరున్నారు. వయసు డెబ్బయి రెండు. హైస్కూలులో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఊరందరికీ ఆయన మాష్టారే. ముప్పయి అయిదేళ్ళుగా మా సండేస్కూలులో అపొస్తలుల కార్యములు చెబుతున్నది ఆయనే. తెల్లగుడ్డమీద రంగులతో తాను స్వయంగా గీసిన పౌలు ప్రయాణాల పటం ఒకటి ఆయన దగ్గరుంది. అందులో చివరి ప్రయాణం ఎర్ర గీత. అది కైసరయలో బయలుదేరి, క్రేతు పక్కగా, మెలితే ద్వీపం మీదుగా వచ్చి, పొతియొలీలో ఒడ్డెక్కి, రోమాలో ఆగుతుంది. మా సంఘంలో మూడు తరాల పిల్లలు ఆ గీతమీద వేలుపెట్టి పాఠం నేర్చుకున్నవారే.

జర్మనీకి తీసుకున్న షెంగెన్ వీసాయే ఇటలీకీ చెల్లుతుంది. అందుచేత రోమ్‌లో దిగి, ఒక పగలు గడిపి, మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కేటట్లు టికెట్లు తీసుకున్నాము. ఫ్యూమిచీనో విమానాశ్రయం నుండి నగరం నడిబొడ్డునున్న టెర్మినీ స్టేషనుకు నేరుగా వెళ్ళే రైలుంది. 32 నిమిషాల ప్రయాణం. బస ఆ స్టేషను దగ్గరే తీసుకున్నాము. ఇంతవరకు నా ఏర్పాటు బాగానే ఉంది.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి జాబితా రాశాను. కొలోసియం, ఫోరం, పాంథియన్, నవోనా చౌకు, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, సెయింట్ పీటర్స్, మ్యూజియములు, సిస్టీన్ చాపెల్... మొత్తం పదకొండు. గంటకొకటి చొప్పున వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. "మాష్టారూ, ఇంకేమైనా ఉందా?" అని అడిగాను. "పౌలు సమాధి ఉన్న గుడి ఒకటి ఉందట కదండీ అయ్యగారూ" అన్నారు. అది నగరం గోడల వెలుపల, దక్షిణాన ఉంది. జాబితా చివర రాసి, పక్కన 'వీలైతే' అని చేర్చాను. మాష్టారు మరి మాట్లాడలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకు కొలోసియం దగ్గరున్నాము. టికెట్లు ముందుగా కొనలేదు. గంటన్నర వరుసలో నిలబడి కిటికీ దగ్గరికి వెళితే, మధ్యాహ్నం వేళకు తప్ప టికెట్లు లేవన్నారు. తప్పు వారిది కాదు, నాదే. అక్కడ టికెట్టు ఫలానా వేళకని ఇస్తారు. ఇప్పుడు దానిమీద పేరు కూడా ఉంటుంది, పాస్‌పోర్టు చూపాలి. ఇంటి దగ్గరుండగానే ఇంటర్నెట్‌లో కొనుక్కోవలసింది.

లోపలికి వెళ్ళకపోయినా ఆ కట్టడాన్ని చుట్టివచ్చాము. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టగా ఆయన కుమారుడు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. ఈ టైటసే 70లో యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేసిన సేనాపతి. ఆ యుద్ధంలో దొరికిన కొల్లసొమ్ముతోనే దీన్ని కట్టించారని అక్కడి ఒక శాసనాన్నిబట్టి పండితులు చెబుతారు. దేవాలయపు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని రోమా సైనికులు మోసుకుపోతున్న శిల్పం ఫోరంలోని టైటస్ తోరణం మీద ఈనాటికీ ఉంది. కొలోసియం టికెట్టుతోనే ఫోరం కూడా చూడవచ్చు. ఆ టికెట్టే మాకు లేదు. రోడ్డు కటకటాల పక్కనుండి కిందనున్న శిథిలాలను చూసుకుంటూ నడిచాము.

దారిలో మాష్టారు ఒక మాట అన్నారు: "అయ్యగారూ, పౌలు వచ్చేనాటికి ఈ కొలోసియం లేదు కదా?" నిజమే. పౌలు హతసాక్షి అయింది నీరో కాలంలో. కొలోసియం పునాది కూడా అప్పటికి పడలేదు. తరువాత చూసిన పాంథియన్ కూడా అంతే. ఇప్పుడున్న కట్టడం హేడ్రియన్ చక్రవర్తి కాలానిది, రెండవ శతాబ్దపుది. నేను పరుగెత్తి చూపిస్తున్నవన్నీ పౌలు చూడనివేనని అప్పుడు నాకు తట్టలేదు. మాష్టారికి తట్టింది.

పాంథియన్ మాత్రం తప్పక చూడదగినది. గోపురం అడ్డుకొలత 43 మీటర్లు దాటి ఉంటుంది. ఇనుము వాడకుండా పోసిన కాంక్రీటు. నడినెత్తిన గుండ్రని పెద్ద రంధ్రం, దానికి తలుపు లేదు, అద్దం లేదు. ఎండా వానా అందులోనుండే దిగుతాయి. అన్యదేవతల గుడిగా కట్టినదాన్ని 609లో క్రైస్తవ దేవాలయంగా మార్చారు. అందుచేతనే ఎవరూ రాళ్ళు పీక్కుపోకుండా నిలిచింది. 2023 జూలై నుండి సందర్శకులకు ప్రవేశ రుసుము పెట్టారు.

పన్నెండున్నర అయింది. ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే పిజ్జా కొనుక్కొని నిలబడే తిన్నాము. నీళ్ళు కొనవలసిన పనిలేదు. వీధి వీధికీ ఇనుప కుళాయి స్తంభాలున్నాయి. వంపు తిరిగిన గొట్టం ముక్కులా ఉంటుందని వాటిని 'పెద్ద ముక్కులు' అంటారక్కడ. గొట్టం చివర వేలితో మూస్తే, పైనున్న చిన్న చిల్లులోనుండి నీరు పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగవచ్చు. మాష్టారికి ఇది ఎంత నచ్చిందో! చిన్నపిల్లవాడిలా రెండుసార్లు తాగారు.

అక్కడినుండి టైబర్ నది దాటి సెయింట్ పీటర్స్ వరకు నడిపించాను. రెండు కిలోమీటర్లే. కాని రోమ్ వీధులు నల్లరాయి దిమ్మెలు పరిచినవి, ఎగుడు దిగుడు. మాష్టారికి మోకాళ్ళ నొప్పి ఉందని నాకు తెలుసు. ఆయన ఆగినప్పుడల్లా "దగ్గరికొచ్చేశాం మాష్టారూ" అంటూ నడిపించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

సెయింట్ పీటర్స్‌లోకి వెళ్ళటానికి రుసుము లేదు. తనిఖీ వరుస మాత్రం పెద్దది, గంటకు పైగా పట్టింది. భుజాలు, మోకాళ్ళు కప్పుకొని ఉండాలి. మన చీరలకూ ప్యాంటులకూ ఇబ్బందే లేదు. 1506లో మొదలుపెట్టిన ఆ ఆలయాన్ని 1626లో ప్రతిష్ఠించారు. దాని ఖర్చుకోసం సాగిన పాపపరిహార పత్రాల అమ్మకమే జర్మనీలో మార్టిన్ లూథర్‌ను లేపిందన్న సంగతి మనకు తెలుసు. లోపల కుడిచేతి వైపు, అద్దం వెనుక, మైకెలాంజిలో చెక్కిన పియెటా ఉంది. మరణించిన కుమారుని ఒడిలో పెట్టుకున్న తల్లి. 1972లో ఒకడు సుత్తితో దానిమీద దాడి చేశాక ఆ అద్దం పెట్టారు. ఆ శిల్పం ముందు మాష్టారు చాలాసేపు నిలిచిపోయారు. నేనేమో గడియారం చూసుకుంటున్నాను.

బయటికి వచ్చేసరికి నాలుగున్నర. మ్యూజియములకు ప్రవేశం ముగిసింది, సిస్టీన్ చాపెల్ పోయింది. "పోనీ, మెట్రో ఎక్కితే స్పానిష్ మెట్లు, ట్రెవీ ఫౌంటెన్ చీకటి పడేలోపు చూసేయవచ్చు" అన్నాను. మాష్టారు స్తంభాల వరుస కింద రాతిమెట్టుమీద కూర్చొని మోకాలు రుద్దుకుంటున్నారు. తలెత్తి మెల్లగా అడిగారు: "అయ్యగారూ, పౌలు గుడి పొద్దుపోయాక తెరిచి ఉంచుతారా?"

నోటుబుక్కు తెరిచాను. చివరి గీత మీద నా చేతిరాతే నన్ను చూసింది: 'వీలైతే'. నా పదకొండులో ఆయన కోరినది ఒక్కటే. ఆ ఒక్కటినే నేను కిందికి తోశాను.

ఆ గుడి ఆరున్నరకు మూస్తారు. ఇక మాట్లాడకుండా ఆయన చెయ్యి పట్టుకొని లేపాను. ఒట్టావియానో స్టేషనులో ఏ లైను ఎక్కి, టెర్మినీలో బి లైనుకు మారాము. సాయంత్రపు రద్దీ, నిలబడటానికే చోటులేదు. ఒక యువతి మాష్టారిని చూసి లేచి సీటిచ్చింది. బసిలికా సాన్ పావోలో స్టేషనులో దిగి గుడి చేరేసరికి ఆరు కావటానికి పది నిమిషాలుంది.

ఆ వేళ అక్కడ జనం లేరు. ముందు స్తంభాల ముంగిలి, మధ్యలో ఖడ్గం పట్టుకున్న పౌలు విగ్రహం. నాలుగవ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ కట్టించిన చోటనే ఈ ఆలయం నిలిచి ఉంది. 1823లో పాత కట్టడం అగ్నికి ఆహుతైంది. మళ్ళీ కట్టి 1854లో ప్రతిష్ఠించారు. బలిపీఠం ముందు కిందికి మెట్లున్నాయి. అక్కడ కటకటాల వెనుక రాతిపెట్టె పక్కభాగం కనబడుతుంది. 2002 నుండి 2006 వరకు తవ్వకాలు జరిపి దాన్ని వెలికితీశారు. లోపలి ఎముకల ముక్కలు మొదటి, రెండవ శతాబ్దాలకు చెందినవని పరీక్షలో తేలినట్లు 2009లో పోప్ బెనెడిక్ట్ ప్రకటించారు. అవి అపొస్తలునివేనని రుజువు చేయటం నా వల్ల అయ్యే పని కాదు, మన విశ్వాసం వాటిమీద ఆధారపడిందీ కాదు. కాని రోములోని విశ్వాసులు పదహారు వందల ఏళ్ళకు పైగా పౌలును తలచుకుంటూ వచ్చిన చోటు అదే.

మాష్టారు మోకరించలేకపోయారు. కటకటాన్ని పట్టుకొని నిలబడి, చాలాసేపటికి అన్నారు: "ఇక్కడేనండీ అయ్యగారూ. మన పటంలో ఎర్ర గీత ఆగేది ఇక్కడే." ఆ ముసలి అపొస్తలుడు చెరలో ఉండి, చలికాలం రాకముందే రమ్మనీ, వదిలివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మనీ తిమోతికి రాసిన సంగతి గుర్తుచేశారు. "అంగీ అందిందో లేదో" అన్నారు. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాము. కాపలాదారు వచ్చి వేళయిందని సైగ చేసేవరకు అక్కడే ఉన్నాము.

ఆ రాత్రి నోటుబుక్కులో ఇంకో జాబితా రాశాను. రోమ్‌లో ఒక్క పగలు దొరికే పాఠకులకోసం దాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

మొదటిది, వెళ్ళే ముందు ప్రతి ఒక్కరినీ అడగండి: ఒక్కటే చూడగలిగితే ఏది చూస్తారు? వచ్చిన జవాబులే మీ జాబితా. అవి పొద్దుటి పూటలో ఉండాలి, మిగిలినవి సాయంత్రానికి.

రెండవది, టికెట్టు కావలసినవి రెండింటికి మించి పెట్టుకోవద్దు, వాటిని ముందే కొనండి. ఉదయం తెరిచే వేళకు కొలోసియం, ఫోరం చూడవచ్చు. ఓపికుంటే పక్కనే ఓపియన్ కొండమీది తోటలో 2015లో లూథర్ పేరు పెట్టిన చిన్న కూడలికి వెళ్ళండి. ఆయన యువ సన్యాసిగా ఈ నగరానికి వచ్చినవాడే. అక్కడి మెట్రో బి లైనే నేరుగా పౌలు గుడికి తీసుకుపోతుంది.

మూడవది, సెయింట్ పీటర్స్ చూడాలనుకుంటే బుధవారం ఉదయం వద్దు, ఆ పూట పోపు బహిరంగ సభ ఉంటుంది. మ్యూజియములకు, నెలలో చివరిది తప్ప, ఆదివారాలు సెలవు.

నాలుగవది, మెట్రోలో జేబు జాగ్రత్త. పాస్‌పోర్టు చొక్కా లోపల పెట్టుకోండి.

అయిదవది, నడక వేగాన్ని మీలో పెద్దవారి మోకాళ్ళు నిర్ణయించాలి, మీ గడియారం కాదు.

మాష్టారు కిందటి సంవత్సరం ప్రభువునందు నిద్రించారు. సంతాప కూడికలో ఆయన కుమార్తె ఆ గుడ్డ పటాన్ని తెచ్చి గోడకు కట్టింది. దగ్గరికి వెళ్ళి చూశాను. ఎర్ర గీత చివర, రోమా అన్న మాట పక్కన, నీలి సిరాతో కొత్తగా రెండు మాటలున్నాయి: 'చూచి వచ్చితిని.'

ట్రెవీ ఫౌంటెన్ నేను ఇప్పటికీ చూడలేదు.