నలుబదియైదు దినములు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన దేశాటన విశేషము వ్రాసి పంపుడని సంపాదకులు మమ్ము కోరిరి. మేము ఈ పాఠశాలలో చదువుకొన్నవారము. పిదప ఎథియోపియా దేశమున కొన్నియేండ్లు ఉపాధ్యాయులుగా నుంటిమి. కావున సింహములను గూర్చియో, నైలునదిని గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. అట్టివి పుస్తకములలో దొరకును. మేము వ్రాయబూనినది ఒక తండ్రి తన కుమార్తె వివాహమునకు పోలేకపోయిన సంగతి. అందు మా తప్పు కలదు గనుక దానిని మేమే వ్రాయుట న్యాయము.

మేము పనిచేసిన నెకెంతె పట్టణము అడిస్ అబాబాకు పడమట సుమారు 330 కిలోమీటర్ల దూరమున, వొల్లెగ సీమలో నున్నది. అది కాఫీతోటల సీమ. జనులు ఒరోమో భాష మాటలాడుదురు. మా పొరుగింట విశ్రాంతి తీసికొన్న యొక వృద్ధోపాధ్యాయులు ఉండిరి. ఆ దేశపు మర్యాద ననుసరించి వారి పేరునకు ముందు 'ఒబ్బో' అను మాట చేర్చి పిలిచెడివారము. అది మన 'అయ్యగారు' వంటిది. వారు మమ్మును 'బర్సీసా', అనగా పంతులుగారూ, అని పిలిచెడివారు. ఆదివారము దేవాలయము నుండి వచ్చిన పిదప వారి యింట కాఫీ త్రాగుట మాకు వాడుక. గింజలు మన యెదుటనే వేయించి, దంచి, కాచి, మూడు మారులు పోయుదురు. మూడవ మారు పోసిన దానికి దీవెన యను అర్థముగల పేరు. అది త్రాగక లేచుట అమర్యాద. ఆ గృహస్థునకు ఒక్కతే కుమార్తె. ఆమె జర్మనీ దేశమున ఒక ఆసుపత్రిలో నర్సు పని చేయుచున్నది.

ఆ సీమకును జర్మనీకిని, మన సీమకును గూడ, ఒక పాత సంబంధము కలదు. జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ అను పల్లెటూరి క్రైస్తవులు 1853లో ఒక ఓడను కట్టించి, అపొస్తలుల కార్యములలో చెప్పబడిన ఐతియొపీయుల రాణి పేరున దానికి కందాకే యని పేరిడి, ఒరోమో జనుల యొద్దకు మిషనరీలను పంపిరి. జంజిబారు సుల్తాను ఏలుబడిలోని తీరమున వారికి లోపలికి పోవుటకు అనుమతి దొరకలేదు. వారు వెనుకకు మరలి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిరి. ఆ మిషనువారే 1860 తరువాతి దశాబ్దమున మన నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతములకు వచ్చిరి. వొల్లెగ సీమకు చేరుట మాత్రము 1920 దాటినగాని పొసగలేదు. అనుమతి చీటి కొరకు రేవున నిలిచియుండుట యన నేమో ఆ జర్మనులకును ఒకప్పుడు తెలిసియుండెను.

2024 మే నెలలో, మేము స్వదేశమునకు తిరిగివచ్చి యుండగా, ఒబ్బోగారు మాకు ఫోను చేసిరి. కుమార్తె వివాహము ఆగస్టు 24వ తేదీని జర్మనీలో నిశ్చయమైనదనియు, తాము పోవలెననియు చెప్పిరి. వారి జనములో పెద్దలు చేతులెత్తి దీవించు ఆచారము కలదు. ఒక్కొక్క దీవెనకు చుట్టునున్నవారు బదులు పలుకుదురు. కుమార్తెకు తల్లి లేదు. ఆ దీవెన చెప్పవలసినవారు వీరే. “బర్సీసా, తమరు ఆ దేశము చూచివచ్చినవారు. వీసాకు ఎప్పుడు దరఖాస్తు పెట్టవలెను?” అని అడిగిరి.

మేము 2018లో అడిస్ అబాబా నుండియే దరఖాస్తు పెట్టి, 60 యూరోలు చెల్లించి, రెండు వారములలో వీసా పొంది జర్మనీ చూచివచ్చితిమి. ఆ అనుభవము మాకు పెద్ద విద్యగా తోచినది. “తొందర లేదు. కాగితములన్నియు నిదానముగా కూర్చుకొనుడు. పదునైదు దినములలో తేల్చవలెనని వారి శాసనమే చెప్పుచున్నది. జూలైలో పెట్టిన చాలును” అని చెప్పితిమి. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండియు దరఖాస్తు తీసికొందురని మాకు తెలియును. తెలిసియు ఆ మాట చెప్పలేదు.

కాగితములు కూర్చుట ఒక తపస్సు. జర్మనీయు, మరి ఇరువదియెనిమిది దేశములును షెంగెన్ అను ఏర్పాటులో చేరియున్నవి. 1985లో లక్సెంబర్గ్ దేశమున మోసెల్ నదీతీరమందలి షెంగెన్ గ్రామమున అయిదు దేశములు చేసికొన్న ఒడంబడికకు ఇది పెరిగిన రూపము. ఒక దేశమిచ్చిన వీసాతో అన్నిటను తిరుగవచ్చును. ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి యుండరాదు. అడుగు కాగితములును అన్నిటను ఇంచుమించుగా ఒక్కటే. పాసుపోర్టు పదియేండ్లలోపల ఇచ్చినదై, తిరిగివచ్చు దినమునకు పిమ్మట మూడు నెలలు చెల్లునదై, రెండు పుటలు ఖాళీగా గలదై యుండవలెను. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య భీమా ఉండవలెను. బ్యాంకు లెక్కలు, పింఛను పత్రము, బస చేయు ఇంటి వివరము, ఆహ్వానము ఉండవలెను. కుమార్తె అక్కడి కచేరీలో 29 యూరోలు చెల్లించి, తండ్రికి కాబోవు ఖర్చులన్నిటికి తాను బాధ్యురాలనని జామీను వ్రాసి పంపెను. తన్ను పెంచిన తండ్రికి తాను పూచీ! ఒబ్బోగారు ఆ కాగితమును చూచి చాలసేపు నవ్విరట.

అన్నిటికంటె పేరు కష్టము పెట్టెను. దరఖాస్తులో ఇంటిపేరునకు ఒక గడి కలదు. ఎథియోపియా వారికి ఇంటిపేరు లేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. కుమార్తె కాగితములలో చివర నున్న పేరు ఒకటి, తండ్రి కాగితములలో మరియొకటి. వీరిరువురు తండ్రియు బిడ్డయు నని ఎట్లు నమ్ముదురు? జన్మపత్రము తెప్పింపవలసి వచ్చెను. ఆ పత్రము వారి పంచాంగము ప్రకారము వ్రాయబడినది. ఆ పంచాంగమున సంవత్సరమునకు పదుమూడు నెలలు, ఏండ్ల లెక్క మనకు ఏడెనిమిది తక్కువ. మనము ఆగస్టు 24 అనుదినము వారికి 2016వ సంవత్సరము నెహాసె మాసము 18. ఒక్కొక్క తేదీని మార్చి వ్రాయించి, తర్జుమాకు ముద్ర వేయించిరి.

గంటల సంగతి చెప్పినచో విద్యార్థులు నవ్వుదురు. కాగితములు సమర్పించుటకు తమ్ము మూడు గంటలకు రమ్మనిరని ఒబ్బోగారు చెప్పిరి. మాకు వచ్చిన చీటీ నకలులో తొమ్మిది గంటలని యున్నది. మేము ఆందోళనపడి రాత్రివేళ ఫోను చేసితిమి. ఆ దేశమున సూర్యోదయము నుండి గంటలు లెక్కింతురను మాట మరచితిమి! అన్నియేండ్లు అక్కడ నుండియు ఇది మరచిన మేము, శాసనముల విషయమున మాత్రము మా జ్ఞాపకమును నమ్మితిమి.

జూలై 22వ తేదీ సోమవారమున వారు అడిస్ అబాబాలో కాగితములిచ్చి, పది వ్రేళ్ల ముద్రలు వేసి వచ్చిరి. రుసుము 90 యూరోలు తీసికొనిరట. అది 2024 జూన్ 11 నుండి పెరిగినది. మేము 60 అని చెప్పియుంటిమి. ఇచ్చట మా లెక్క తప్పినదని తెలిసినప్పుడైనను, తక్కిన లెక్కలను గూడ సరిచూచుకొనవలసినది. చూచుకొనలేదు. “ధరలు పెరుగుట లోకసహజము గదా!” అని వేదాంతము పలికితిమి.

పదునైదవ దినము గడచెను. ఇరువదవ దినము గడచెను. అప్పుడు మేము కూర్చుండి ఐరోపా సమాఖ్యవారి ప్రకటనలను తిరిగి చదివితిమి. ఎథియోపియా పౌరుల వీసాలను గూర్చి 2024 ఏప్రిల్ 29వ తేదీని ఆ సమాఖ్య మండలి ఒక నిర్ణయము చేసియుండెను. పదునైదు దినములకు బదులు నలుబదియైదు దినములు. ఏ కాగితము విషయమునను సడలింపు లేదు. పలుమారులు ప్రవేశించు వీసా లేదు. దౌత్యోద్యోగులకు సైతము రుసుము మినహాయింపు లేదు. కారణమేమనగా, ఐరోపాలో అనుమతి లేక నిలిచిపోయిన ఎథియోపియనులను తిరిగి తీసికొనుటలో ఆ దేశ ప్రభుత్వము తగినంత సహకరించుట లేదట. ఇట్లు చేయుటకు వీలు కల్పించు నియమమును 2019లో తమ వీసా శాసనమున చేర్చుకొనిరి. గాంబియా దేశము మీద 2021లోనే ప్రయోగించిరి.

ఏ రాజ్యమునకైనను తన వాకిట నిలిచి, లోపలికి వచ్చువారెవరో అడుగు హక్కు కలదు. దానిని మేము కాదనము. ఒబ్బోగారును కాదనరు. కాని ప్రధానోపాధ్యాయుని లేఖకు పెద్దలు బదులు వ్రాయలేదని బిడ్డలను ఎండలో నిలువబెట్టుట న్యాయమా? అక్టోబరున కాఫీపండ్లు కోతకు వచ్చును. ఆ తోటను విడిచి ఐరోపాలో నిలిచిపోవు తలంపు ఆ వృద్ధునకు కలలోనైన లేదు.

మాకు అంతకంటె సిగ్గు కలిగించినది మరియొకటి. అదే ఏప్రిల్ నెల 18వ తేదీని ఆ సమాఖ్యవారే మన భారతీయుల విషయమున మరియొక నిర్ణయము చేసిరి. మూడేండ్లలో రెండు వీసాలు పొంది సక్రమముగా వాడుకొన్నవారికి, రెండేండ్లు చెల్లునట్టి, పలుమారులు పోదగిన వీసా ఇచ్చెదమనిరి. ఆ వార్తను మేము సంతోషముతో చదివితిమి. బంధువులకు పంపితిమి. హైదరాబాదులోని మేనల్లునకు ఫోను చేసి చెప్పితిమి. పదునొకండు దినముల పిమ్మట వచ్చిన వార్త, మేము ఉప్పు తిన్న దేశపు వార్త, మా కంట పడనేలేదు. మన వాకిలి తెరచిరని పండుగ చేసికొనుచు పొరుగువాని వాకిలి మూసిన చప్పుడు వినలేదు.

ఆ రాత్రియే ఒబ్బోగారికి ఫోను చేసి యథార్థము చెప్పితిమి. మే నెలలో పెట్టియుండినచో నలుబదియైదు దినములు గడచినను జూలై నాటికి వీసా చేతికి వచ్చియుండెడిది. నిదానముగా పెట్టుడని చెప్పినవారము మేమే. వారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, “బర్సీసా, తమ ఇంట అందరు క్షేమమా?” అని అడిగిరి. వారి దేశమున క్షేమసమాచారము మొదట అడుగుదురు. వారు దానిని ఆ రోజున చివర అడిగిరి.

ఆగస్టు 24 వచ్చెను, వీసా రాలేదు. మందిరము, భోజనశాల ముందుగనే కుదిర్చినవగుటచే వివాహమును వాయిదా వేయుటకు వీలుపడలేదు. దీవెన ఫోను ద్వారా చెప్పిరి. ఫోనును ఒక కుర్చీమీద నిలువబెట్టి, కూడినవారందరు దాని చుట్టు నిలిచిరట. నడుమ రెండు మారులు తీగ తెగినది. రెండవ మారు మరల కలిసినప్పుడు ఎచ్చట నిలిపిరో తెలియక, ఒబ్బోగారు మొదటినుండి మరల చెప్పిరట.

వీసా సెప్టెంబరు 3న, నలుబదిమూడవ దినమున వచ్చెను. కార్యాలయమువారు తమ గడువులోపలనే ఇచ్చిరి. వారిని అనుటకు లేదు. ఆ సంవత్సరము షెంగెన్ దేశములకు వచ్చిన దరఖాస్తులు 1 కోటి 17 లక్షలు. మొత్తముమీద నూటికి పదునైదు వరకు తిరస్కరించిరి. సెనెగల్, నైజీరియా, ఘనా దేశములవారికైతే నూటికి నలుబదికి పైగా. చెల్లించిన రుసుము తిరస్కరించినను తిరిగిరాదు. ఆఫ్రికాలో వీసా లేక పోగలిగినవారు మారిషస్, సీషెల్స్ అను రెండు చిన్న ద్వీపదేశముల వారు మాత్రమే. ఆ లెక్కలు చూచినవారు ఒబ్బోగారిని అదృష్టవంతులనియే యందురు.

పోవలెనా మానవలెనా యని వారు సందేహించిరి. కుమార్తె రమ్మని పట్టుపట్టెను. ఇచ్చట మరియొక చిక్కు. వీసా యున్నంత మాత్రమున ప్రవేశము నిశ్చయము కాదు. సరిహద్దున అధికారి మరల ప్రశ్నించి త్రిప్పి పంపవచ్చును. వీరి కాగితములన్నిటను 'కుమార్తె వివాహమునకు' అని యున్నది; వివాహము అయిపోయినది. ఈ మారు మేము ఊహలతో సలహా చెప్పక, శాసనము దగ్గర పెట్టుకొని, ఒక్కొక్క పంక్తి చదివి చెప్పితిమి. కుమార్తెచేత క్రొత్త ఆహ్వానము వ్రాయించి, భీమా తేదీలు మార్పించి, తిరుగు ప్రయాణపు టిక్కెట్టుతో సహా ఒక సంచిలో పెట్టించితిమి.

సెప్టెంబరు 11 వారి సంవత్సరాది. అది గడిపి ఆ వారములోనే బయలుదేరి ఫ్రాంక్‌ఫర్టులో దిగిరి. అధికారి వచ్చిన పని యేమని అడిగెనట. “నా బిడ్డకు దీవెన చెప్పుటకు” అని వీరు బదులిచ్చిరట. అతడు కాగితములు త్రిప్పి, ముద్ర వేసి, పొమ్మనెనట. పదునాలుగు దినములుండి, కాఫీకోతకు ముందే ఇల్లు చేరిరి. కుమార్తె ఇంట చిన్న పొయ్యిమీద గింజలు వేయించుచున్న ఛాయాచిత్రమొకటి మాకు పంపిరి. పొగకు ఆ ఇంటి గంట మ్రోగినదని దాని క్రింద వ్రాసిరి.

మొన్న క్రిస్మసు పండుగకు శుభాకాంక్షలు చెప్పుటకు ఫోను చేసినప్పుడు, తమ వీధిలోని ఒక విధవరాలు కుమారుని చూడ జర్మనీ పోవలెనని యున్నదనియు, ఆమెకు ఏమి చెప్పవలెననియు ఒబ్బోగారు మమ్ము అడిగిరి. ఆ క్షణమున ఏమియు చెప్పక ఒక దినము గడువు కోరితిమి. మరునాడు నియమములను మరల చదివి, ఆమె ఎప్పుడు పోదలచినదో, పాసుపోర్టులో రెండు పుటలు ఖాళీగా ఉన్నవో లేవో కనుగొని చెప్పుడని వారికి వ్రాసితిమి.