ఇద్దరు రంభలు

మధ్యాహ్నవేళ మా యింటికి కావ్యము చదువుకొనుటకు వచ్చు స్త్రీలలో ఒక యువతి కలదు. పద్యమును విఱిచి చదువుటలో ఆమె మిక్కిలి నేర్పరి. ఒకనాడు బడినుండి వచ్చిన మా వారు వాకిట నిలిచి విని, “ఎంత చక్కగా చదువుచున్నదో!” యనిరి. అంతియే. ఆ రాత్రి మేము వారికి జొన్నరొట్టె వడ్డించితిమి గాని మాట వడ్డింపలేదు. మఱునాడు తలనొప్పి నెపమున పాఠము మానితిమి. సోదరీమణులు నవ్వుకొనవచ్చును.

పాఠము పింగళి సూరన కళాపూర్ణోదయము. పదునాఱవ శతాబ్దమున నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన కావ్యమది. 2022లో నంద్యాల వేఱు జిల్లా యైనను మా కర్నూలువారికి అది యింకను మన యూరే. అందు రంభ తన చక్కదనమునకును నలకూబరుని వలపునకును గర్వింపగా, అటువంటిది మఱియొకతె యెదురగునని నారదుడు పలికెను. మణికంధరుని తపము చెఱుపబోయిన రంభ అతనినే కూడెను. ఆమె మనసు నలకూబరునియందే యుండుట యెఱిగి, అతడు నలకూబరుని రూపు దాల్చెను. నలకూబరుని వలచిన కలభాషిణియు రంభరూపున అచటికే వచ్చెను. ఇక నేనే రంభనని యిద్దరికిని కలహము! వారెవనికై కలహించిరో అతడు నలకూబరుడే కాడు. ఈ ఘట్టమున మేమందఱము నవ్వినవారమే.

ఫ్రెంచివాడగు మారివో 1744లో వ్రాసిన ‘వివాదము’ అను ఏకాంకిక కథను మా వారొకప్పుడు చెప్పియుండిరి. లోక మెఱుగక పెరిగిన ఇద్దరు పడుచులు, ఇద్దరు పడుచువాండ్రు. ప్రేమలో మొదట తప్పునది స్త్రీయా, పురుషుడా యని పరీక్ష. ఎగ్లే యను పడుచు ఏటినీట తన మొగము చూచుకొని మురియును. ఆదీన్ యను పడుచు ఎదురుపడినంతనే ఎవరు సొగసరి యని వాదము. మగవాండ్రిద్దరు మాత్రము చూచినంతనే స్నేహితులగుదురు! అటుపిమ్మటనే ఒకతె ప్రియునిపై మఱియొకతె చూపు పడును. తప్పు ఇరువాగులదని తుదకు తేలును.

తలనొప్పి లేక పడుకొని మేము తలపోసినది ఆ యేటియొడ్డు వాదమునే. మా వారు ఆమె మొగమైనను చూచి యుండలేదు. మాకు నొచ్చిన దది కాదు. పదునైదేండ్లుగా ఈ యింట పద్యము చదువు గొంతు మాదొక్కటే యని యుంటిమి. ఆమెను రావలదని చెప్పి పంపుదమా యను దుర్బుద్ధియు పుట్టెను.

మూడవనాడు ఆమెయే వచ్చి, శొంఠి అరగదీసి మా నుదుట పట్టు వేసినది. లేని నొప్పికి అది భగ్గున మండెను. “అక్కయ్యా, రంభల కలహము మిగిలినది, చెరియొక రంభయై చదువుదమా?” యనెను. చదివితిమి. నడుమ మా వారు బడినుండి వచ్చి, ఈసారి వాకిట నిలువక, చెప్పులు విడిచి తిన్నగా పెరటిలోనికి పోయిరి.