ఒరిగినా లేచేదే ఓడ

స్టాక్‌హోం నగరం పదునాలుగు దీవుల మీద వెలసింది. వాటిలో యూర్‌గోర్డెన్ అనే దీవికి వెళ్ళిన వారు ఒక్క పూటలో రెండు ఓడల కథ తెలుసుకోవచ్చు. ఒకటి నాలుగు వందల యేళ్ళ నాటిది. రెండవది మన కాలానిది. సముద్రం మీద అంతంత ఓడలు నిటారుగా ఎలా నిలుస్తవో నాకు అక్కడే బాగా బోధపడింది.

వాసా మ్యూజియంలో అడుగు పెట్టగానే చల్లని చీకటి. కళ్ళు అలవాటు పడేసరికి ఎదురుగా కోటగోడ లాగ ఒక కొయ్య ఓడ! పొడవు 69 మీటర్లు. వెనుక భాగం నిండా సింహాలు, వీరులు, దేవతలు. స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ యుద్ధం కోసం చేయించిన ఈ ఓడ, 64 ఫిరంగులతో 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణానికి బయలుదేరింది. పట్టుమని 1300 మీటర్లు పోయింది. ఒక గాలి విసురుకు ఒరిగి లేచింది. మరొక విసురుకు ఒరిగినది మళ్ళీ లేవలేదు. తెరచి ఉంచిన ఫిరంగి కిటికీలలోంచి నీళ్ళు చొరబడి, ఒడ్డున చూస్తున్న జనం కళ్ళయెదుటనే మునిగిపోయింది. ముప్పయిమంది దాకా చనిపోయారు. 333 యేళ్ళ తరువాత, 1961లో దానిని పైకి తీశారు.

ఇంతకూ ఓడ ఎందుకు లేవలేదు?

ప్రతి ఓడ మీదా రెండు బలాలు పనిచేస్తూ ఉంటవి. బరువు కిందికి లాగుతుంది, నీరు పైకి నెడుతుంది. ఓడ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క భాగం ఎక్కువగా మునుగుతుంది. అందుచేత నీరు పైకి నెట్టే చోటు కూడ ఆ పక్కకే జరిగి, ఓడను తిరిగి నిలబెడుతుంది. ఓడ వెడల్పుగా ఉన్నకొద్దీ ఈ నెట్టుడుకు పట్టు దొరుకుతుంది. బరువు పైన పేరుకొన్నకొద్దీ ఆ పట్టు జారిపోతుంది. గోదావరి మీద సరంగు “అందరూ ఒక వైపుకు రాకండి, లేచి నిలబడకండి” అని కేకలు వేసేది ఇందుకే.

వాసాకు పైభాగం బరువు ఎక్కువ, నడుము వెడల్పు తక్కువ. అడుగున 120 టన్నుల రాళ్ళు వేశారు గాని చాలలేదు. ఇంకా వేద్దామంటే కింది వరుస ఫిరంగి కిటికీలు నీటికి మరీ దగ్గరయ్యేవి. నా మనస్సు చివుక్కుమన్నది మరొక సంగతికి. ప్రయాణానికి ముందే ముప్పయిమంది నావికులను ఓడ మీద ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్ష చేశారట. మూడు సార్లు పరుగెత్తేసరికి ఓడ భయంకరంగా ఊగింది. అడ్మిరల్ పరీక్ష ఆపించాడు, ఓడను మాత్రం ఆపలేదు. పరదేశంలో ఉన్న రాజు తొందర పెడుతున్నాడు మరి! విచారణ జరిగింది. ఎవరికీ శిక్ష పడలేదు.

మ్యూజియం దాటి వస్తే, నీటికి ఆవలి గట్టున నేటి విహార నౌకలు మేడల లాగ కనిపిస్తవి. 2024లో ప్రయాణాలు ప్రారంభించిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే నౌకను ఈ బాల్టిక్ సముద్రపు ఒడ్డునే, ఫిన్లండులోని టుర్కులో కట్టారు. పొడవు 365 మీటర్లు, ఇరవై అంతస్తులు. నీట మునిగేది తొమ్మిది మీటర్ల చిల్లర మాత్రమే! అయినా పడిపోదు. ఇంజన్లు, చమురు, నీటి తొట్లు అన్నీ అడుగున ఉంటవి. పై అంతస్తులను తేలికగా కడతారు. వెడల్పు ధారాళంగా ఇస్తారు. చమురు ఖర్చయి అడుగు తేలికపడితే సముద్రపు నీటిని తొట్లలోకి తోడుకొంటారు. చేప రెక్కల వంటి పలకలు రెండు పక్కలా చాపి ఊగుడు తగ్గిస్తారు. అవి ప్రయాణికుల సుఖం కోసమే. ఓడను నిలబెట్టేవి మాత్రం బరువు, వెడల్పు.

మ్యూజియం పక్కనే ఒక శ్మశానవాటిక ఉన్నది. అందులో పేర్లు చెక్కిన రాతిగోడలు. ‘ఎస్టోనియా’ నౌకతో మునిగిన వారి జ్ఞాపకార్థం కట్టినవి. టాలిన్ నుంచి స్టాక్‌హోంకు వస్తూ, 1994 సెప్టెంబరు 28 రాత్రి తుపానులో ఆ నౌక ముందుభాగపు తలుపు ఊడిపోయింది. కార్లు నిలిపే అంతస్తులోకి సముద్రం వచ్చింది. ఉన్నవారు 989 మంది. 852 మంది చనిపోయారు.

చెంబుతో నీళ్ళు తెచ్చే పిల్లవాడి చేతికి వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు ఇచ్చి చూడండి. కొంచెం వంగితే చాలు, నీరంతా ఆ పక్కకే పరుగెత్తి ఇంకా వంచుతుంది. అడ్డుగోడలు లేని ఆ అంతస్తులో జరిగింది అదే. అన్ని వందల పేర్లు చదువుతూ గోడ వెంట నడిచేటప్పుడు ఈ లెక్కలేవీ లెక్కలుగా తోచవు.

1996లో కొన్ని దేశాల ప్రతినిధులు ఈ స్టాక్‌హోంలోనే ఒడంబడిక చేసుకొన్నారు. కార్ల అంతస్తులో అర మీటరు దాకా నీరు చేరినా నౌక నిలవగలగాలి అన్నది అందులోని నియమం. పరీక్షలో ఓడిన ఓడను సాగనంపిన ఊరే, పరీక్షలో నెగ్గనిదే ఓడ కదలరాదని ఒప్పుకొన్నది.

ఈసారి పడవ ఎక్కినప్పుడు సరంగు కూర్చోమంటే విసుక్కోకండి. ఆ ఒక్క మాట వెనుక ఇన్ని వందల ప్రాణాల అనుభవం ఉన్నది.