మందిర్ హసౌద్‌లో ఒక ఇటలీ బండి

రాయపూర్ నుండి తూర్పుగా ఆరంగ్ వైపు సాగే 53వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు మందిర్ హసౌద్. విజయనగరం, పార్వతీపురం, రాయగడల మీదుగా వచ్చే రైలు రాయపూర్ చేరబోయే ముందు ఈ స్టేషను తగులుతుంది. కనుక ఉత్తరాంధ్ర మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. చాంద్‌ఖురీలోని కౌసల్యామాత ఆలయానికి పోయే యాత్రికులు కూడా ఇటుగానే వెళ్తుంటారు. వరిపొలాలు, ఎడతెగని లారీలు, వాటి వెనుక లేచే ధూళి, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ ఇక్కడి నిత్యానుభవాలు.

ఇటువంటి చోట నేను ఒక ఫియట్ గ్రాండే పుంతో డీజిల్ కారును పోషిస్తున్నాను. ఇటలీకి చెందిన ప్రసిద్ధ రూపశిల్పి జుజారో తీర్చిన ఈ కారు 2005లో ఐరోపాలోనూ, 2009లో మన దేశంలోనూ విడుదలైంది. పుణె సమీపంలోని రంజన్‌గావ్ కర్మాగారంలో తయారయ్యేది. నా బండి రిజిస్ట్రేషను 2010 నాటిది. 2019లో ఫియట్ మన విపణి నుండి తప్పుకున్నది. నాటి నుండి ఆప్తులందరిదీ ఒకటే సలహా: "తుక్కుకు ఇచ్చేయండి."

2024 శీతాకాలంలో ఆ సలహా నిజమయ్యేటట్లే కనిపించింది. ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేయగానే టైమింగ్ చైన్ వైపు నుండి గలగలమనే శబ్దం మొదలైంది. ఈ ఇంజనులో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ పీడనంతో పనిచేస్తుంది. చైన్ సాగినా, టెన్షనర్ అలసినా ఇటువంటి శబ్దం వస్తుంది. ఉపేక్షిస్తే చైన్ పళ్లు దాటుతుంది. అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను సర్వనాశనమవుతుంది. పైగా మరుసటి ఏడాదే 15 ఏళ్ల రిజిస్ట్రేషను గడువు ముగియనున్నది.

ఇక్కడే ఇంజను వంశవృక్షం అక్కరకు వచ్చింది. ఫియట్ రూపొందించిన ఈ 1248 సీసీ మల్టీజెట్ ఇంజనే మారుతి స్విఫ్ట్‌లో డీడీఐఎస్ అనే పేరుతోనూ, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అనే పేరుతోనూ పరుగెత్తింది. పేర్లు మూడు, వంశం ఒక్కటే. రాయపూర్‌లో ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇది మాకు రోజూ కనిపించేదే సాబ్" అని నవ్వాడు. స్విఫ్ట్ చైన్ కిట్‌ను పాత భాగాల పక్కన పెట్టి సరిచూసి అమర్చాడు. శబ్దం పోయింది. 2025లో ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, రిజిస్ట్రేషను మరో 5 ఏళ్లకు పునరుద్ధరణ పొందింది.

అటువంటి పెద్ద పని నిపుణునికే వదలాలి. మిగిలినవి ఇంటి వాకిట్లోనే సాధ్యం. ఈ ధూళిలో ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి. ఆయిల్ విషయమూ అంతే. చైన్ ఆయుర్దాయం దానిమీదనే ఆధారపడి ఉంటుంది. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలాలి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకొకసారి మార్చడం క్షేమం. రేడియేటర్ మూతను ఇంజను చల్లారకుండా ముట్టరాదు.

ఫియట్‌తో మరొక విశేషమున్నది. మారుతి చక్రాలను స్టడ్లకు తొడిగి నట్లు బిగిస్తాము. ఇందులో స్టడ్లు ఉండవు; బోల్టులే నేరుగా హబ్‌లోకి పోతాయి. బరువైన చక్రాన్ని చేతులతో ఎత్తి పట్టుకుని రంధ్రాలు కలపడం యాభై దాటిన నడుముకు శిక్షే. తల కోసిన పొడవాటి బోల్టు ఒకటి ముందుగా హబ్‌లోకి తిప్పితే చక్రం దాని మీదనే నిలుస్తుంది. మిగిలిన బోల్టులు బిగించాక దానిని తీసి అసలు బోల్టు వేయాలి. బండి కిందికి దూరవలసి వస్తే మాత్రం జాక్‌ను నమ్మరాదు, స్టాండ్లు తప్పనిసరి.

మన కర్మాగారాలలో ప్రతి యంత్రానికీ లాగ్‌బుక్ ఉంటుంది. నా బండికీ ఒకటున్నది. తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, అది ఏ బండికి కూడా సరిపోతుందన్న వివరం అందులో వ్రాస్తాను. తయారీదారు దేశం విడిచినా యంత్రం అనాథ కానక్కరలేదు. దాని బంధువులు మన వీధిలోనే తిరుగుతుంటారు. తుక్కువాణ్ణి పిలిచే ముందు వారి ఆచూకీ ఒకసారి తీయవలసిందని పాఠక మిత్రులకు నా మనవి.