ఆకు తిప్పి చూడాలి

కిందటి సంక్రాంతికి మా కోడలు ఓ ఆర్కిడ్ మొక్క తెచ్చిపెట్టింది. కుండీలో మట్టి లేదు! బొగ్గుముక్కలూ, కొబ్బరిపీచూను. "ఇదెక్కడి మొక్కమ్మా, నేలమీద కాలు మోపదూ?" అంటే నవ్వింది. బాల్కనీలో నా నిమ్మమొక్క పక్కనే చోటిచ్చాను.

రెండు నెలలు తిరక్కుండానే ఆకులమీద పసుపు మచ్చలు. ముట్టుకుంటే జిగురు. పైగా చీమల బారు. ఇంక చూడండి, అందరూ వైద్యులే! "నీళ్లు చాల్లేదు" అన్నారు మావారు. రోజూ సాయంత్రం చెంబెడు పోశాను. "ఎండ తగలాలమ్మగారూ" అంది పనిమనిషి. ఎండలో పెట్టాను. రెండోనాటికి ఆకుమీద తెల్లగా కాలిన మచ్చ! పక్కింటి పిన్నిగారు దిష్టన్నారు. అదీ తీశాను. మీ దగ్గర దాపరికమెందుకు? "తేవడమే జబ్బు మొక్క తెచ్చావేమో" అని కోడలితో ఫోనులో అననే అన్నాను. అటునించి కాసేపు మాట లేదు.

ఉగాదికి వచ్చింది. సంచీ కిందపెట్టి తిన్నగా బాల్కనీలోకి నడిచి, ఆకు తిప్పింది. వెనక ఈనె పొడుగునా కందిపొట్టులాంటి గోధుమరంగు బొడిపెలు! గోటితో గీకితే ఊడొచ్చాయి.

"మచ్చయితే ఊడదత్తయ్యా. ఇవి పొలుసు పురుగులు. రసం పీల్చి తీపి జిగురు వదుల్తాయి. చీమలు పాపం దానికోసం వచ్చాయి."

తెల్లమచ్చ ఎండదెబ్బట. అది పాకదు. నీరుకారుతూ, కంపుకొడుతూ రోజురోజుకీ పాకితే మాత్రం కుళ్లు. కాల్చి చల్లార్చిన కత్తితో ఆ మేరా కోసెయ్యాలి. సాయంత్రం పోసిన నీళ్లు రాత్రంతా మొవ్వులో నిలిస్తే ఆ కుళ్లుని పిలిచినట్టే. పొద్దున్నే పోసి, మొవ్వులో తడి గుడ్డతో అద్దెయ్యాలి.

దూది స్పిరిట్‌లో ముంచి ఒక్కో ఆకూ తుడిచింది. "వారం వారం తుడవాలి, పిల్లపురుగులు మళ్లీ వస్తాయి" అంటూ నా నిమ్మకొమ్మ వంచింది. అవే బొడిపెలు! ఆర్కిడ్‌మీద కన్నా ఎక్కువ, ముదురువీను. ఎక్కణ్ణించి ఎక్కడికి పాకాయో ఇద్దరికీ తెలిసిపోయింది.

"కొత్త మొక్కని కొన్నాళ్లు విడిగా ఉంచమని నేనైనా చెప్పాల్సింది" అంది మెల్లిగా. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

"తప్పు నాదేనమ్మా. కూర్చో, కాఫీ కలుపుతాను" అన్నాను.

ఇప్పుడు ఆదివారాలు దూదీ, స్పిరిటూ పట్టుకు కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చిన ఆకు నిగనిగలాడుతోంది. మొన్న మావారు కాఫీలో పంచదార తక్కువైందన్నారు.

"అడుగునించి కలిపి చూశారా?" అన్నాను.