బందరులో నీడ, చందమామపై జాడ

బందరు అనగానే లడ్డూ, కలంకారీ గుర్తుకు వస్తాయిగాని, చంద్రమండల యాత్రలకు ఈ ఊరితో చుట్టరికం ఉందంటే నమ్మేవారు తక్కువ. గుడివాడలో రైలెక్కి, ఇరుప్రక్కలా వరిచేలు చూస్తూ బందరు చేరేసరికి నా మనస్సంతా 1868 మీదే ఉంది.

ఆ యేడు ఆగస్టు 18న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ ఈ ఊరిమీదుగా సాగిపోయింది. అంతకు నాలుగేళ్ళ క్రిందట, 1864 నవంబరు 1 రాత్రి, ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్న ఊరిది. ఆ ఊరికే మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ వర్ణపటదర్శిని వెంటబెట్టుకుని వచ్చాడు. చంద్రుడు సూర్యుణ్ణి కప్పిన ఆ కొద్ది నిమిషాలలో, అంచున ఎగసే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ కూడా అదే పనిలో ఉన్నాడు. ఆ వెలుగులోని ఒక పసుపుపచ్చని గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలింది. దానికే హీలియం అని పేరు పెట్టారు. చేత్తో తాకకుండా, వెలుగును బట్టి వస్తువును గుర్తుపట్టడమన్నమాట!

ఆ విద్యే యంత్రాల చేతిలో చంద్రుడిమీదికి వెళ్ళింది. 1959లో రష్యావారి లూనా-2 చంద్రుణ్ణి ఢీకొంది. 1966లో లూనా-9 మెల్లగా దిగింది. 1970లో లూనోఖోద్ అనే బండి అక్కడ తిరిగింది. మన శ్రీహరికోట నుంచి 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్ బయలుదేరాయి. 2019లో దిగబోయిన విక్రమ్ కూలిపోయింది. 2023 ఆగస్టు 23 సాయంకాలం అదే పేరుగల మరో నౌక దక్షిణ ధ్రువానికి చేరువలో క్షేమంగా దిగింది. అందులోంచి దిగిన 26 కిలోల ప్రజ్ఞాన్ బండి మట్టిమీద లేజరు కిరణం వేసి, రేగిన వెలుగును విడదీసి, గంధకం ఉన్నదని కబురంపింది. నాడు బందరులో పాగ్సన్ చేసినదీ ఈ పనే కదా!

బందరు నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమ చేరి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్ళాను. పడవ ప్రక్కన ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు.

“అమావాస్యకీ, పున్నానికీ పోటు ఎక్కువ బాబూ. అంతా ఆ చందురుడి మాయ” అన్నాడు.

ఆ చంద్రుడిమీదే మన బండి దిగిందన్నాను.

“దిగితే దిగింది. మాకేం ఒరిగింది?”

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవాడి ప్రశ్న అది. త్రోసిపుచ్చడానికి వీలులేదు.

“ఆ బండి ఎగిరిన శ్రీహరికోట నుంచే 2016లో, మళ్ళీ 2024లో వాతావరణం కనిపెట్టే ఇన్సాట్ ఉపగ్రహాలు వెళ్ళాయి తాతా. సముద్రంలో గుండం పడితే పైనుంచి చూసి చెబుతాయి.”

ఆయన చేతిలోని వల ఆగింది.

“నిజమే. ఇప్పుడు ముందుగా మైకులో చెప్పి పోతున్నారు. ఆనాడు మా పల్లెకి కబురే రాలేదు బాబూ. వచ్చుంటే మావాళ్ళు ఉండేవాళ్ళు.”

కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. నీళ్ళు పడవ అడుగును తాకుతున్నాయి.

“పోటెక్కుతోంది. ఇక బయలుదేరండి” అన్నాడాయన.