రాత్రికి పన్నెండు శాతం

జూన్ 9, సోమవారం, తెనాలి

రాత్రి పదింటికి లాప్‌టాప్ ఆపేటప్పుడు బ్యాటరీ 96 శాతం. పొద్దున ఏడింటికి ఆన్ చేస్తే 84. ఊరికే మూత మూయలేదు, షట్ డౌన్ కొట్టి, లైటు ఆరిందాకా చూసి మరీ పడుకున్నాను. బజార్లో రిపేరు షాపు కుర్రాడు మూత కూడా తెరవకుండానే తేల్చేశాడు: "సెల్స్ పోయినయ్ సార్, బ్యాటరీ మార్చాల్సిందే." ధర కూడా చెప్పాడు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

ఆ మాట మింగుడుపడటం లేదు. సెల్స్ ముసలివైతే వాడేటప్పుడు ఛార్జి త్వరగా అయిపోతుంది, అంతే. వాడకుండా పెట్టిన లిథియం అయాన్ బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేది నెల మొత్తానికి ఏ రెండో మూడో శాతం. ఇక్కడ ఒక్క రాత్రికే పన్నెండు. లోపల ఏ సెల్లో అయినా షార్ట్ ఉంటే వేరే సంగతి. ఆ అనుమానాన్ని చివరికి ఉంచుకుంటాను.

జూన్ 10, మంగళవారం

శాతాలతో లాభం లేదు, వాట్లు కావాలి. విండోస్‌లో ఇందుకు మంచి సదుపాయమే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అంటే పూర్తి జాతకం రాసిస్తుంది. కొత్తలో సామర్థ్యం 50,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కిస్తే 41,200. అంటే ముసలిదే, కానీ మంచాన పడలేదు. 41.2లో పన్నెండు శాతం దాదాపు 4.9 వాట్ అవర్లు. తొమ్మిది గంటలతో భాగిస్తే 0.55 వాటు.

అర వాటు! ఇది వట్టి కారుడు కాదు, ఎవరో కూర్చుని తింటున్నారు. యూరప్‌లో 2013 నుంచి ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే చాలా రకాల కరెంటు సామాన్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు అర వాటు దాటి తినకూడదని నిబంధన. అది గోడ కరెంటు తినే సామానుకు పెట్టిన హద్దు. బ్యాటరీ మీద బతికే యంత్రం అంత తింటుంటే ఊరుకునేదెలా?

ఇంకో సందేహం: శాతం చూపించే గేజే అబద్ధమాడుతుంటే? అది బ్యాటరీలోకి వచ్చీ పోయే కరెంటును లెక్కపెట్టి అంచనా కట్టేదేగాని లోపలికి తొంగి చూసేది కాదు. కాలేజీ ల్యాబ్‌లోని ప్లగ్ మీటరు తెచ్చి, లాప్‌టాప్ ఆఫ్‌లోనే ఉంచి 84 నుంచి 96 దాకా ఎక్కించాను. గోడ దగ్గర ఆరు వాట్ అవర్లు పోయాయి. అడాప్టర్ తరుగు తీసేస్తే లెక్క కుదిరింది. గేజ్ నిజమే చెబుతోంది, ఛార్జి నిజంగానే పోతోంది.

జూన్ 11, బుధవారం

స్టాఫ్ రూమ్‌లో చెబితే కంప్యూటర్స్ మేడమ్ నవ్వారు. "మాస్టారూ, మీది అసలు ఆఫే అవ్వట్లేదు. టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూడండి." చూస్తే నిజమే, రోజుల తరబడి నడుస్తున్నట్టు ఉంది. రోజూ రాత్రి ఆపుతున్నానే!

ఫాస్ట్ స్టార్టప్ మహిమ. విండోస్ 8తో 2012లో వచ్చింది. మనం తెరిచినవన్నీ మూసేస్తుంది గానీ, విండోస్ కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్నవాటిని ఉన్నట్టు డిస్క్‌లో ఒక ఫైలుగా రాసి పడుకుంటుంది. పొద్దున మళ్ళీ మొదలుపెట్టదు, ఆ ఫైలు చదువుకుని లేస్తుంది. అప్ టైమ్ తెగకపోవడానికి కారణం అదే. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి.

కానీ నాకు ఇందులో దొంగ కనిపించలేదు. డిస్క్‌లో రాసిన ఫైలుకు కరెంటు అక్కర్లేదు, ర్యామ్‌కే కావాలి. అయినా మేడమ్ మాట కాదనడమెందుకని రాత్రికి షిఫ్ట్ నొక్కిపట్టి షట్ డౌన్ కొట్టాను. అలా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా నిఖార్సుగా ఆగుతుంది.

జూన్ 12, గురువారం

మళ్ళీ పన్నెండే. ఫాస్ట్ స్టార్టప్ నిర్దోషి. మేడమ్ ఒప్పుకోలేదు, "మీ లాప్‌టాప్ వేరండీ" అన్నారు.

హైదరాబాద్ నుంచి మేనల్లుడు ఫోన్. "మామయ్యా, స్లీప్‌లో పెడుతున్నావేమో, ఇప్పటి లాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా మెయిల్స్ తెచ్చుకుంటాయి, నాదైతే బ్యాగులో పెడితే కాగిపోతుంది." అదీ నిజమేనట గానీ నా కేసు కాదు. నేను చెప్పింది సగం వినే వాడి అలవాటు పోదు.

జూన్ 13, శుక్రవారం

విండోస్ పూర్తిగా ఆగాక కూడా తింటున్నదంటే విండోస్ కన్నా కిందకి దిగాలి. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కితే బయోస్. పవర్ పేజీలో ఉంది: లాప్‌టాప్ ఆపి ఉన్నా యూఎస్‌బీ పోర్టు నుంచి ఫోన్ ఛార్జ్ చేసుకునే సౌకర్యం. దాని కిందే ఇంకోటి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా. రెండూ ఆన్. నేను పెట్టినవి కావు, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయి. ఎవడో వస్తాడని రాత్రంతా పొయ్యి మీద ఎసరు మరిగిస్తూ కూర్చున్నట్టుంది ఈ సౌకర్యం. అడగనివాళ్ళకు కూడా దీన్ని ఆన్ చేసి పంపడం ఏం మర్యాదో!

ఆ పోర్టులో ఎప్పుడూ మౌస్ రిసీవర్ ఉంటుంది. ముందు దాన్నొక్కదాన్నే పీకి చూస్తాను. రెండూ కలిపి మారిస్తే ఏది కారణమో తేలదు.

జూన్ 15, ఆదివారం

రిసీవర్ పీకితే తేడా లేదు. నిన్న రాత్రి బయోస్‌లో ఆ రెండూ ఆపితే ఈ పొద్దునకు పోయింది నాలుగు శాతం. పోర్టులో ఏమీ లేకపోయినా, అక్కడ 5 వోల్టులు సిద్ధంగా ఉంచడానికే సింహభాగం ఖర్చవుతోందన్నమాట.

మిగతా నాలుగు కూడా ఎక్కువే. పక్క పేజీలో వేక్ ఆన్ లాన్ దొరికింది. ఆఫీసుల్లో దూరం నుంచి నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్‌ను లేపడానికి పనికొస్తుంది. అందుకోసం లాన్ చిప్ చెవులు రిక్కించుకుని ఉంటుంది. నా ఇంట్లో లాన్ కేబులే లేదు. ఆపేశాను.

జూన్ 16, సోమవారం

ఒక్క శాతం. పవర్ బటన్ నొక్కారా, ఛార్జర్ పెట్టారా అని కనిపెట్టుకుని ఉండే చిన్న కంట్రోలర్‌కు ఆ మాత్రం కావాలి. షార్ట్ అనుమానం కూడా కొట్టేశాను. షాపుకు ఫోన్ చేసి బ్యాటరీ వద్దన్నాను. "మళ్ళీ వస్తారు సార్" అన్నాడు కుర్రాడు, ధీమాగా.

జూన్ 18, బుధవారం

కాలేజీ బీరువాలోని లాప్‌టాప్‌లు గుర్తొచ్చాయి. వేసవి సెలవులకు ముందు ఆపి లోపల పెట్టినవి. సెలవులయ్యాక కొన్ని అసలు ఛార్జే ఎక్కడం లేదని కొత్త బ్యాటరీలకు బిల్లు పెట్టబోతున్నారు. అటెండరును పిలిచి బీరువా తీయించాను. నాదీ అదే మోడల్. బతికున్నదాంట్లో బయోస్ చూస్తే అవే రెండు సౌకర్యాలు, ఆన్‌లోనే. రాత్రికి పన్నెండు శాతమైతే, పగలు కూడా కలుపుకుంటే, నిండు బ్యాటరీ వారం తిరక్కుండా అడుగంటుతుంది. ఆ మిగతా వారాలు ఆ సెల్స్ అలా సున్నా దగ్గరే పడి ఉన్నాయి. లిథియం సెల్ వోల్టేజి మరీ కిందకి జారితే లోపల రాగి కరగడం మొదలవుతుంది, రక్షణ సర్క్యూట్ ఇక ఛార్జి ఎక్కనివ్వదు.

ఒకదాని టచ్ ప్యాడ్ పైకి లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. "బూస్ట్ చేస్తే లేస్తుందంట సార్" అన్నాడు అటెండరు, షాపులో విన్నాట్ట. దాన్ని ఛార్జర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళొద్దని చెప్పి విడిగా పెట్టించాను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులదే. ప్రిన్సిపాల్‌గారు బిల్లుతోపాటు వాటిని వెనక్కి తీసుకొమ్మని తయారీదారుకు ఉత్తరం కూడా రాయమన్నారు.

మంచివాటికి బయోస్‌లో బ్యాటరీని పూర్తిగా విడదీసే ఆప్షన్ ఉంది, మళ్ళీ ఛార్జర్ పెడితేగాని లేవదు. రేపు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఒక్కోదాన్ని సగం దాకా ఎక్కించి, యూఎస్‌బీ, లాన్ ఆపి, ఆ ఆప్షన్ పెట్టాలి. ప్లగ్ మీటరు ల్యాబ్‌కు తిరిగి ఇవ్వాలి.